రిలే కాంటాక్టులు అతుక్కుపోయి మోటారు ఆగడం లేదు, స్టార్టర్ కాయిల్ స్పైక్‌కు ఏం పెట్టాలి?

మానేరు_తీరం:

అందరికీ నమస్తే. మాది కరీంనగర్ వైపు. పొలంలో బోరుకు 5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ ఉంది. బాపుకు మోకాళ్ల నొప్పులు, చీకట్లో గట్టు మీద నడిచి స్టార్టర్ దాకా పోవడం కష్టమవుతోందని ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్పు) తో ఒక బోర్డు కట్టి స్టార్టర్ డబ్బాలో బిగించాను. ఫోన్‌లోంచే ఆన్, ఆఫ్. బోర్డు మీద మనందరికీ తెలిసిన ఆ నీలం రంగు చిన్న రిలే (లోపలి కాయిల్‌తో కదిలే స్విచ్), 12 వోల్టులది, పైన 10 ఆంపియర్లు 250 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ రిలే కాంటాక్టునే స్టార్టర్ కాయిల్‌కు సిరీస్‌లో ఇచ్చాను. కాయిల్ 415 వోల్టులది, ఎందుకంటే మా దగ్గర న్యూట్రల్ రాదు, మూడు ఫేజులే.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత ఆఫ్ చేసినప్పుడల్లా రిలే లోపల మెరుపు, అదే క్షణంలో బోర్డు రీసెట్. కొన్నాళ్లకు రిలే టక్ అంటుంది గానీ స్టార్టర్ ఎత్తుకోదు. రిలే మార్చి, మండలంలో రిపేర్ షాపుకు తీసుకుపోతే అతను 104 అని (అంటే 0.1 మైక్రోఫారడ్) రాసి ఉన్న కెపాసిటర్ ఒకటి కాంటాక్టు రెండు కాళ్లకు అడ్డంగా అతికించి ఇచ్చాడు. మెరుపు నిజంగానే పోయింది, రీసెట్లూ తగ్గాయి. ఇప్పుడు కొత్త బాధ మొదలైంది. ఆఫ్ నొక్కితే రిలే టక్ అంటుంది, మోటారు మాత్రం ఆగదు. రిలేను స్క్రూడ్రైవర్ పిడితో తడితే అప్పుడు పడిపోతుంది. స్టార్టర్ మీది ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, వదలగానే మళ్లీ తిరుగుతుంది. మొన్న బాపు మోటారు నడుస్తుండగానే ఫ్యూజులు పీకి ఆపాడు, ఆ సంగతి విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు స్పైక్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) వస్తుందని చదివాను. 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) కాయిల్ మీద పెట్టమని ఒకరు అంటున్నారు, పెట్టొచ్చా? ముందుముందు డ్రిప్‌కు 24 వోల్టుల వాల్వులు కూడా ఇదే బోర్డుతో నడపాలని ఉంది. వాటికీ ఇదే గొడవ వస్తుందా?

ప్యానెల్_వైర్‌మన్:

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ బోర్డును స్టార్టర్ నుంచి విడదీసెయ్. నడుస్తున్న మోటారు ఫ్యూజులు పీకడం చాలా ప్రమాదం. పీకేటప్పుడు ఆర్క్ చేతి మీదికి లేస్తుంది. పైగా మూడింట్లో ఒకటి పీకగానే మోటారు రెండు ఫేజుల మీద తిరుగుతుంది, వైండింగ్ పోయే దారి అది. ఎర్ర బటన్ నొక్కి పట్టుకుని ఇంకొకరిని పిలవమని బాపుకు చెప్పు, మెయిన్ స్విచ్ లేకపోతే ఈ వారమే ఒకటి పెట్టించు.

డయోడ్ మాత్రం పెట్టకు. ఏసీ కాయిల్ మీద డయోడ్ అంటే ఒక అర్ధ సైకిల్ అంతా రెండు ఫేజులకు నేరుగా షార్ట్. డయోడ్ పేలుతుంది, దాంతోపాటు నీ రిలే కాంటాక్టు కూడా కరిగి ముద్దవుతుంది. డయోడ్ డీసీ కాయిల్‌కే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చెప్పిన రెండు బాధలు ఒకే రోగం కావు. మొదటిది కాంటాక్టు తెరుచుకునేటప్పటి రోగం. కాయిల్‌లో పారుతున్న కరెంటు ఉన్నట్టుండి ఆగదు, దారి మూసుకుపోతే కాయిలే వోల్టేజీ పెంచుకుని ఆ చిన్న సందులోంచి ఆర్క్‌గా దూకుతుంది. ఆ ఆర్క్ కాంటాక్టును కాల్చి నల్లగా, గుంటలు గుంటలుగా చేస్తుంది, చివరికి మూసుకున్నా కరెంటు పారదు. రెండోది, ఇప్పుడు నువ్వు పడుతున్నది, మూసుకునేటప్పటి రోగం. అది తెచ్చింది ఆ కెపాసిటరే.

ఎలాగంటే, కాంటాక్టు తెరిచి ఉన్నంతసేపూ దాని మీద లైన్ వోల్టేజీ ఉంటుంది, కెపాసిటర్ కూడా ఆ వోల్టేజీకి ఛార్జ్ అయ్యి ఉంటుంది. 415 అనేది ఆర్‌ఎంఎస్, శిఖరం 587 వోల్టులు. రిలే మూసుకున్న క్షణంలో ఆ ఛార్జ్ అంతా కాంటాక్టులోంచే ఖాళీ కావాలి, మధ్యలో అడ్డుకునేది రెండు అంగుళాల తీగ తప్ప ఏమీ లేదు. మైక్రోసెకన్ల పాటే అయినా పదుల ఆంపియర్ల కరెంటు, అదీ కాంటాక్టు ఇంకా ఎగిరెగిరి పడుతూ సూదిమొన అంత చోట మాత్రమే తగులుతున్నప్పుడు. అక్కడ వెండి కరిగి వెల్డ్ అవుతుంది. కెపాసిటర్‌కు సిరీస్‌లో రెసిస్టర్ ఉండాలని పుస్తకాలన్నీ నెత్తీనోరూ కొట్టుకునేది ఇందుకే. రెసిస్టర్ లేని కెపాసిటర్ స్పార్క్‌ను కనిపించకుండా చేసి, కనిపించని చోట కాంటాక్టును అతికిస్తుంది.

వీలైతే చెడిపోయిన రిలేలు రెండూ బ్లేడుతో కోసి కాంటాక్టులు ఎలా ఉన్నాయో చెప్పు.

ఫ్లక్స్_వాసన:

పైన అన్న చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను, ఇది స్నబ్బర్ (స్పైక్‌ను అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జంట) కన్నా ముందు చూడాల్సింది. మానేరు_తీరం గారూ, మీరే రాశారు, రిలే మీద 250 వోల్టులు అని ఉందని. మీరు దాంతో తెంచుతున్నది 415. ఆ నీలం రిలేలో తెరిచినప్పుడు కాంటాక్టుల మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. 250 దాకా ఏసీ సున్నా దాటేటప్పుడు ఆర్క్ ఆరిపోయి మళ్లీ అంటుకోకుండా ఉంటుంది. 415లో ఆ నమ్మకం లేదు. పైగా అదే రిలేలో కాంటాక్టు కాళ్లకూ, మీ ఈఎస్‌పీ వైపు కాయిల్ కాళ్లకూ మధ్య దూరం కూడా ఆ వోల్టేజీకి లెక్కగట్టింది కాదు. వానాకాలం డబ్బాలో తేమ, చీమలు, బల్లులు. ఆ పరిస్థితిలో ఫేజు బోర్డు మీదికి దూకితే బోర్డుతో పోయే సంగతి కాదు. ఎంత మంచి స్నబ్బర్ పెట్టినా ఈ లోటు పూడదు.

ఇక "10 ఆంపియర్లు" అన్న అంకె. అది హీటరు, బల్బు లాంటి రెసిస్టివ్ లోడుకు. కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్, సోలనాయిడ్ లాంటివాటికి ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణంలో వేరే తరగతులే ఉన్నాయి, ఏసీ కాయిల్‌కు ఏసీ-15, డీసీ కాయిల్‌కు డీసీ-13 అని. మంచి రిలే డేటాషీట్‌లో ఆ అంకె విడిగా ఇస్తారు, రెసిస్టివ్ అంకెలో మూడోవంతు, అంతకన్నా తక్కువ కూడా ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఆ వరుస.

స్పైక్ ఎంత ఉంటుందో మీ స్టార్టర్‌కే లెక్క వేద్దాం. ఈ సైజు కాంటాక్టర్ కాయిల్ ఎత్తుకునేటప్పుడు వంద వీఏ (వోల్టు ఆంపియర్లు) దాకా లాగుతుంది, పట్టుకున్నాక పది వీఏ చుట్టుపక్కల. 415 మీద పది వీఏ అంటే 24 మిల్లీఆంపియర్లు, శిఖరం 34. వినడానికి ఏమీ లేదు. కానీ ఇనుము మూసుకున్నాక ఆ కాయిల్ ఇండక్టెన్స్ 50 హెన్రీల దగ్గర ఉంటుంది. దానికి అడ్డంగా ఏమీ లేకపోతే, వైండింగ్‌లో సహజంగా ఉండే కొన్ని వందల పీకోఫారడ్లే దిక్కు. వోల్టేజీ కాగితం మీద పదివేలు దాటుతుంది. నిజంలో అంత ఎదగకముందే కాంటాక్టు సందులో ఆర్క్ కొడుతుంది, ఆరుతుంది, మళ్లీ కొడుతుంది. ఆ కొట్టుకోవడం నుంచి వచ్చే అలజడే మీ ఈఎస్‌పీని రీసెట్ చేసింది. కరెంటు చిన్నదే కదా అని వదిలేసేవాళ్లకు ఈ లెక్క ఒక్కసారి చూపిస్తే చాలు.

అదే కాయిల్‌కు అడ్డంగా 0.05 మైక్రోఫారడ్లు పెడితే, అదే లెక్కలో శిఖరం వెయ్యి వోల్టుల దగ్గరికి దిగుతుంది. ఇనుములో నష్టాల వల్ల నిజంలో అంతకన్నా తక్కువే. మిగిలిన కొసను ఎంఓవీ (వోల్టేజీ హద్దు దాటితే కరెంటును తనలోంచి వదిలే వారిస్టర్) కోసేస్తుంది. రెండూ ఎందుకంటే, ఎంఓవీ తన వోల్టేజీ దాటాకే మేలుకుంటుంది, అప్పటిదాకా వోల్టేజీ ఎంత వేగంగా ఎగబాకినా పట్టించుకోదు. కాంటాక్టు ఇంకా కొద్దిగానే తెరుచుకుని ఉన్న ఆ తొలి క్షణంలో వేగాన్ని తగ్గించేది కెపాసిటరే.

మానేరు_తీరం:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. బోర్డు విప్పేశాను, ప్రస్తుతానికి పాత పద్ధతిలో బటన్లతోనే నడుస్తోంది. రిలేలు కోసి చూశాను. మొదటిదాంట్లో కాంటాక్టులు నల్లగా మసిపట్టి, గరుకుగా, పురుగు తిన్నట్టు ఉన్నాయి. రెండోది అలా లేదు. దాదాపు మెరుస్తోంది, కదిలే కాంటాక్టు మీద మధ్యలో ఆవగింజలో సగం కూడా లేని చిన్న బొడిపె, ఎదుటిదాని మీద సరిగ్గా అదే చోట తెగిన మచ్చ. మసి అసలు లేదు. ప్యానెల్ అన్న చూడకుండానే చెప్పినట్టు ఉంది.

నాకు అర్థం కానిది ఒకటి. ఆర్‌సీని, అంటే రెసిస్టర్, కెపాసిటర్ సిరీస్ జంటను, కొందరు కాంటాక్టుకు అడ్డంగా పెట్టమంటారు, కొందరు కాయిల్‌కు అడ్డంగా. ఏది?

గోదారి_గట్టు:

బాబూ, ఈ చర్చ చూసి ఒక మాట అడగాలనిపించింది. నేను చాలాకాలం కార్ల వైరింగ్ పని చేశాను. పాత పెట్రోల్ అంబాసిడర్‌కు డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్‌లకు స్పార్క్ పంచే భాగం) మేం ప్లాటినం అని పిలిచే పాయింట్లు, అంటే కాంటాక్టులు, ఉండేవి, వాటికి అడ్డంగా కండెన్సర్ ఒక్కటే, 0.2 మైక్రోఫారడ్ల లెక్కలో. రెసిస్టర్ ఉండేది కాదు. కండెన్సర్ పోతే పాయింట్లు నల్లబడి బండి మొరాయించేది, కొత్తది వేస్తే నిమిషానికి వేల సార్లు మూసుకుని తెరుచుకున్నా అతుక్కునేవి కావు. మరి ఈ అబ్బాయి రిలే ఎందుకు అతుక్కుంది? కెపాసిటర్ మీద నేరం మోపేముందు దీనికి జవాబు కావాలి.

ఫ్లక్స్_వాసన:

గోదారి_గట్టు గారూ, సరైన చోట పట్టుకున్నారండీ. తేడా అంతా మూసుకునే క్షణంలో కండెన్సర్ మీద ఎంత వోల్టేజీ మిగిలి ఉందన్నదే. అంబాసిడర్‌లో పాయింట్లు తెరిచినప్పుడు కండెన్సర్ మీద రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి, ప్లగ్‌లో స్పార్క్ వచ్చేది దాని వల్లే. కానీ ఆ ఊపు చల్లారాక, పాయింట్లు మళ్లీ మూసుకునే వేళకు కండెన్సర్ మీద మిగిలేది బ్యాటరీ 12 వోల్టులే. శక్తి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది కదా. అక్కడ 0.2 మైక్రోఫారడ్లు, 12 వోల్టులు అంటే 14 మైక్రోజౌళ్లు. ఇక్కడ 0.1 మైక్రోఫారడ్లు, 587 వోల్టులు అంటే 17 మిల్లీజౌళ్లు. వెయ్యి రెట్లకు పైనే. అందుకే బ్యాటరీ బండ్లలో ఒంటి కండెన్సర్ నడిచింది, మెయిన్స్ మీద నడవదు.

గోదారి_గట్టు:

బాగుంది నాయనా, ఇన్నేళ్లకు తెలిసింది. ఇంకొకటి, కుర్రాళ్లు వింటారని రాస్తున్నా. వెండి కాంటాక్టులను ఉప్పుకాగితంతో, ఆకురాయితో రుద్దకండి. నల్లగా కనిపించినా వెండి మీది ఆ పొర కరెంటును ఆపేది కాదు, రుద్దితే పైనున్న మంచి వెండి పోయి గీతలు పడి ఇంకా తొందరగా కాలుతుంది. గుంటలు పడి, ఎత్తుకోవడం మానేసిందంటే మార్చడమే.

ప్యానెల్_వైర్‌మన్:

ఆర్‌సీ ఎక్కడ పెట్టాలన్నదానికి. రిలే కంపెనీల కాగితాల్లో 24, 48 వోల్టులకు లోడు మీద, 100 నుంచి 240 వోల్టులకు కాంటాక్టు మీద పెడితే బాగా పనిచేస్తుందని రాసి ఉంటుంది, అది తప్పు కాదు. కానీ మోటారును ఆపే కాంటాక్టు దగ్గర నేను ఎప్పుడూ కాయిల్ మీదే పెడతాను, కాంటాక్టు మీద పెట్టను. కారణాలు రెండు.

కాంటాక్టు మీద పెడితే, అది తెరిచి ఉన్నా కెపాసిటర్‌లోంచి కాయిల్‌కు కొద్దిగా కరెంటు పారుతూనే ఉంటుంది. 50 హెర్ట్జ్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ అంటే దాదాపు 32 కిలో ఓమ్‌లు. 415 మీద 13 మిల్లీఆంపియర్లు. నీ కాయిల్ పట్టుకోవడానికి 24 చాలు అన్నప్పుడు ఇది అందులో సగం. పెద్ద కాంటాక్టర్ పడిపోవచ్చు, చిన్నది గుయ్యిమంటూ పట్టుకునే ఉండొచ్చు, నియాన్ ఇండికేటర్ అయితే ఆరనే ఆరదు. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఏ కెపాసిటర్ అయినా ఒకరోజు షార్ట్ కావచ్చు. కాంటాక్టు మీదిది షార్ట్ అయితే ఎవరూ ఆన్ చేయకుండానే మోటారు మొదలవుతుంది, బోరు దగ్గర ఎవరున్నారో ఎవరికి తెలుసు. కాయిల్ మీదిది షార్ట్ అయితే కంట్రోల్ ఫ్యూజు పోయి మోటారు ఆగిపోతుంది. నాకు రెండోదే కావాలి.

కాయిల్ మీద పెడితే వేసుకోవాల్సిన సరుకు ఇది. ఎక్స్2 (మెయిన్స్‌కు అడ్డంగా పెట్టే రకం) కెపాసిటర్లు బజారులో 275, 310 వోల్టుల ఏసీవే ఎక్కువ దొరుకుతాయి, ఒక్కటి 415కు సరిపోదు. 0.1వి రెండు సిరీస్‌లో పెట్టి, ఒక్కోదానికి అడ్డంగా ఒక మెగా ఓమ్ రెసిస్టర్ వెయ్యి, అప్పుడు వోల్టేజీ సమంగా పంచుకుంటాయి, కరెంటు పోయాక ఛార్జ్ కూడా దిగిపోతుంది. ఆ జంటకు సిరీస్‌లో 220 ఓమ్‌లు, 2 వాట్లు, వైర్‌వౌండ్ లేదా మంట అంటుకోని రకం. పావు వాటు కార్బన్ రెసిస్టర్ వేయకు, వేడి కోసం కాదు, దాని ఒంటికి అంత వోల్టేజీ ఆగదు. ఆ 220 వల్ల మూసుకునే క్షణంలో కెపాసిటర్ కరెంటు మూడు ఆంపియర్ల లోపే ఉంటుంది. వీటన్నిటికీ సమాంతరంగా ఎంఓవీ, 14డి821. అది 510 వోల్టుల ఏసీ దాకా ఆగుతుంది. 14డి471 ఇస్తామంటారు, వద్దు, అది 300 వోల్టుల లైన్లకు, నీ దగ్గర పెట్టగానే కాలుతుంది. రాత్రిళ్లు లోడు తగ్గి లైన్ వోల్టేజీ పెరిగే ఊళ్లలో కొంచెం ఎక్కువే ఉంచుకోవాలి. ఇదంతా ఒక ఆంపియర్ ఫ్యూజు తర్వాత రావాలి, ముందు కాదు.

తయారుగానే కావాలంటే కాంటాక్టర్ కంపెనీలే కాయిల్ మీద బిగించే సర్జ్ సప్రెసర్లు అమ్ముతాయి, ఆర్‌సీ రకం, వారిస్టర్ రకం. మీద రాసిన వోల్టేజీ చూసి తీసుకుంటే చాలు, పొలంలో డబ్బాకు అదే నయం.

ఫ్లక్స్_వాసన:

దీనికన్నా పెద్ద మార్పు ఒకటి ఉంది, వైరింగ్‌లో. ఒక్క రిలేను కాయిల్‌కు సిరీస్‌లో పెట్టి ఆన్‌లో ఉన్నంతసేపూ పట్టుకోవడం మానేయండి. ఎర్ర బటన్ వదలగానే మోటారు మళ్లీ తిరిగింది ఇందుకే, స్టార్టర్‌లో ఉన్న హోల్డింగ్ కాంటాక్టును (ఆకుపచ్చ బటన్ వదిలాక కాయిల్‌ను పట్టి ఉంచేది) మీ రిలే పక్కకు తోసేసింది. బదులుగా రెండు కాంటాక్టులు వాడండి. ఒకటి ఆకుపచ్చ బటన్‌కు సమాంతరంగా, మామూలుగా తెరిచి ఉండేది. ఆన్‌కు ఒక సెకను మూసి వదిలేస్తుంది. రెండోది ఎర్ర బటన్‌కు సిరీస్‌లో, మామూలుగా మూసి ఉండేది. ఆఫ్‌కు ఒక సెకను తెరిచి వదిలేస్తుంది. మిగతాది స్టార్టరే చూసుకుంటుంది.

ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఏంటంటే, ఆన్ కాంటాక్టు వదిలేసే సమయానికి హోల్డింగ్ కాంటాక్టు పక్కనే మూసుకుని ఉంటుంది, కాబట్టి తెరుచుకుంటున్న దాని మీద వోల్టేజీయే ఉండదు, ఆర్క్ రాదు. ఆఫ్ కాంటాక్టు మళ్లీ మూసుకునే సమయానికి హోల్డింగ్ తెరిచి ఉంటుంది, కాబట్టి దాంట్లో కరెంటే ఉండదు, వెల్డ్ అయ్యే సందర్భమే రాదు. ఒకటి మూసే కష్టం మాత్రమే పడుతుంది, ఇంకొకటి తెరిచే కష్టం మాత్రమే. మీరు కోసిన రెండు రిలేల రోగాలు రెండూ ఒకే కాంటాక్టుకు కలిసి రావు. ఇంకా మేలు, కరెంటు పోయి వస్తే మోటారు దానంతట అది లేవదు.

ఆ రెండు కాంటాక్టులూ నీలం రిలేవి కాకూడదు. 24 వోల్టుల డీసీ కాయిల్ ఉన్న ఆక్సిలరీ కాంటాక్టర్లు (కంట్రోల్ తీగలకు వాడే చిన్న కాంటాక్టర్లు) రెండు తీసుకుని, నీలం రిలేలు వాటి కాయిల్స్‌ను మాత్రమే నడిపేట్టు చేయండి. అవి 415కు ఏసీ-15 రేటింగ్‌తోనే వస్తాయి. వాటి డీసీ కాయిల్‌కు మాత్రం 1ఎన్4007 నిక్షేపంగా పెట్టొచ్చు, గీత ఉన్న వైపు ప్లస్‌కు.

బిట్‌బైట్_విజయవాడ:

ఇంత తంటా ఎందుకు, సాలిడ్ స్టేట్ రిలే వేస్తే కాంటాక్టే ఉండదు కదా? లోపల ట్రయాక్ (ఏసీని ఆన్ ఆఫ్ చేసే సెమీకండక్టర్ స్విచ్) కరెంటు సున్నా అయినప్పుడే ఆగుతుంది, స్పైకే రాదు.

ప్యానెల్_వైర్‌మన్:

స్పైక్ విషయం నిజమే. మా ప్యానెళ్లలో హీటర్లకు అవే వాడతాం. కానీ చెడిపోయినప్పుడు అవి ఎక్కువగా షార్ట్ అయ్యే చెడిపోతాయి, అంటే మోటారు ఆగదు, ఈ తమ్ముడు తప్పించుకోవాలనుకుంటున్నది సరిగ్గా దాన్నే. ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీఆంపియర్లు లీక్ అవుతాయి, చిన్న కాయిల్‌కు అదొక తలనొప్పి. 415 మీదికి 480 వోల్టుల రేటింగ్, లోపల 1200 వోల్టులకు ఆగేది కావాలి, మామూలుగా దొరికే 240 వోల్టులది కాదు. మే నెలలో ఎండకు కాలే ఇనుప డబ్బాలో దాన్ని నేను నమ్మను.

మానేరు_తీరం:

రెండు కాంటాక్టుల పద్ధతి విన్నాక నాకు ఇక వేరే ఆలోచన లేదు, అదే కడతాను. వాల్వుల సంగతి కూడా చెప్పండి అన్నా. ఒక దుకాణంలో 24 ఏసీవి, ఇంకో దుకాణంలో డీసీవి, మరొకతను బ్యాటరీతో నడిచేవి అని ఇంకేదో రకం చూపించాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు కాయిల్ గిలగిల కొట్టుకోవడం కూడా చూశాను, దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఫ్లక్స్_వాసన:

వాల్వు కాయిల్ మీద ఏం రాసి ఉందో చూసి గానీ డయోడ్ చేత్తో పట్టుకోవద్దు. 24 వోల్టుల డీసీ అయితే వాల్వు దగ్గరే, కాయిల్ కాళ్ల మీదే 1ఎన్4007. బోర్డు దగ్గర పెడితే ఆఫ్ చేసినప్పుడు ఆ కరెంటు పొలం పొడుగు తీగంతా తిరిగి వస్తుంది, తీగే యాంటెన్నా అవుతుంది. డయోడ్ వల్ల కరెంటు మెల్లగా చచ్చి వాల్వు కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యంగా మూసుకుంటుంది, నీళ్లకు అది లెక్కే కాదు. 24 ఏసీ అయితే డయోడ్ వద్దు, 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఆర్‌సీ, లేదా ఆ వోల్టేజీకి తగిన చిన్న ఎంఓవీ.

బ్యాటరీవి అంటే లాచింగ్ రకం అయ్యుంటాయి. ఒక పల్స్ ఇస్తే తెరుచుకుని అలాగే ఉంటుంది, పోలారిటీ తిప్పి ఇంకో పల్స్ ఇస్తే మూసుకుంటుంది. వీటికి డయోడ్ పెడితే మూసే పల్స్ కాస్తా డయోడ్‌లోంచి షార్ట్ అవుతుంది, వాల్వు తెరిచింది తెరిచినట్టే ఉండి మడి మునుగుతుంది. రెండు వైపులా పనిచేసే టీవీఎస్ (వోల్టేజీ హద్దు దాటితే స్పైక్‌ను కోసేసే డయోడ్ రకం) పెట్టాలి. మీ పల్స్ 24 వోల్టుల లోపైతే పీ6కేఈ33సీఏ సరిపోతుంది, చివర సీఏ అంటేనే రెండు వైపులది.

యూఎల్ఎన్2003 (కాయిల్స్‌ను నడిపే డ్రైవర్ చిప్పు) తో నడుపుతుంటే లోపలే డయోడ్లు ఉంటాయి, కానీ 9వ కాలును వాల్వు సప్లై ప్లస్‌కు కలిపితేనే అవి పనిచేస్తాయి. గాల్లో వదిలేసిన బోర్డులు చాలా చూశాను.

ప్యానెల్_వైర్‌మన్:

కొట్టుకోవడానికి సంబంధం ఉంది. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే వోల్టేజీ కుంగుతుంది, కాయిల్ సగం లాగి వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. అలా కొట్టుకున్న ప్రతిసారీ ఎత్తుకునే కరెంటు, ప్రతిసారీ స్పైక్, మెయిన్ కాంటాక్టుల మీద మోటారు స్టార్టింగ్ కరెంటు కూడా. మామూలు రోజుల్లో అరిగే అరుగుదల నిమిషంలో అరుగుతుంది. మీ వైపు 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును దానంతట అదే లేపేవి) తీసేయమన్నారు గుర్తుందా, నీళ్ల వృథాతో పాటు ఇదీ ఒక బాధే. నీ ప్రోగ్రాంలో కరెంటు వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఆగాకే ఆన్ పల్స్ పోయేట్టు రాయి, వోల్టేజీ తక్కువుంటే అసలు ఇవ్వకు. ఒక్క మోటారు ఆగి లేస్తే చాలదు, అందరి బోర్డులూ ఒకే నిమిషానికి లేవకుండా నీ ఆలస్యంలో కొంచెం తేడా పెట్టు.

ఇంకో మాట, ఈఎస్‌పీ బోర్డును స్టార్టర్ డబ్బాలోంచి తీసి పక్కన వేరే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు. కంట్రోల్ తీగలు మోటారు కేబుల్‌తో కలిపి కట్టొద్దు.

మానేరు_తీరం:

అప్‌డేట్. ఆక్సిలరీ కాంటాక్టర్లు రెండు, కాయిల్ మీద కంపెనీ ఆర్‌సీ సప్రెసర్, దానికి తోడు 14డి821, ముందు ఒక ఆంపియర్ ఫ్యూజు. బోర్డు వేరే డబ్బాలోకి పోయింది. చీకట్లో దగ్గర నిలబడి ఆన్ ఆఫ్ చేసి చూశాను, ఆఫ్‌కు రీసెట్ లేదు, ఎర్ర బటన్ నొక్కి వదిలితే ఆగిపోయి అలాగే ఉంటోంది. స్పైక్ ఎంత తగ్గిందో చూడాలని ఉంది, ఆఫీసులో స్కోప్ (వోల్టేజీని తెర మీద గీసి చూపే పరికరం) ఉంది, తెచ్చి కాయిల్ మీద పెట్టొచ్చా?

ఫ్లక్స్_వాసన:

వద్దండి. స్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పు స్కోప్ బాడీ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది, దాన్ని ఫేజుకు తగిలిస్తే అది షార్ట్, మీ చేతిలో. మామూలు ప్రోబ్‌కు కొన్ని వందల వోల్టులకు మించి ఆగదు కూడా. వేల వోల్టులకు తగిన డిఫరెన్షియల్ ప్రోబ్ ఉంటేనే, అదీ అలవాటున్నవాళ్లతో. రీసెట్లు ఆగాయి, వెల్డ్ లేదు, పంట చేతికొచ్చాక ఒకసారి మెయిన్ ఆపి కాంటాక్టులు చూడండి, ఆ సమాచారం చాలు.

ప్యానెల్_వైర్‌మన్:

పిడుగులు పడే కాలం అయ్యాక ఎంఓవీని కూడా చూడు. దెబ్బలు తిన్నకొద్దీ అది బలహీనపడి చివరికి షార్ట్ అవుతుంది. ఒళ్లు నల్లబడినా, పగిలినా, ఆ కంట్రోల్ ఫ్యూజు కారణం లేకుండా పోయినా ముందు దాన్నే అనుమానించు. ఫ్యూజు పోయిందని బాపు తీగ ముక్క చుట్టకుండా ఒక ఆంపియర్ ఫ్యూజులు నాలుగు డబ్బాలోనే కవర్లో వేసి పెట్టు.